పోలయ్య గారి హాజరు

మొన్న మంగళవారం పొద్దున మా డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాస్టారు పోయారని వచ్చింది. క్షణాల్లో దాని కింద దండాల బొమ్మలు బారులు తీరాయి. వాటిలో నాదీ ఒకటుంది. ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు ఆయన కుర్చీలోనే కూర్చుని చరిత్ర చెబుతున్న నాకు చేతనైంది అంతే.

మా విశ్వవిద్యాలయం ఒకప్పుడు కాలేజీ. స్థలమిచ్చి మొదటి భవనం కట్టించినాయన ఓడల వ్యాపారి. ఏటా వ్యవస్థాపక దినం నాడు ఆయన నిలువెత్తు పటానికి గజమాల వేస్తాం. ఆయన ఇంటినుంచి లైబ్రరీకి వచ్చిన పుస్తకాల పెట్టె అడుగున మాస్టారికి ఒక జాబితా దొరికింది. తెల్లదొరల కాలంలో కోరంగి రేవులో ఆ వ్యాపారి తన ఓడలెక్కించి మారిషస్ చెరుకు తోటలకు పంపిన మనుషుల పేర్లు. ఒప్పందం మీద వెళ్ళారని పుస్తకాల్లో రాస్తారు. ఎక్కడికో, ఎన్నాళ్ళకో చెప్పకుండా వేలిముద్ర వేయించుకుంటే అదేం ఒప్పందమో మాస్టారికి అర్థం కాలేదు. "దీన్ని బానిసత్వం అనడానికి మనకి నోరు రాదేంటండీ?" అని స్టాఫ్ రూములో అడిగితే అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు.

జాబితాలో ఉన్నవి పోలిగాడు, నూకిగాడు, అచ్చి. రిక్షా అతన్ని కూడా అండీ అని పిలిచే మనిషాయన. వాళ్ళని పోలయ్య గారు, నూకరాజు గారు, అచ్చమ్మ గారు చేసి తన హాజరుపట్టీ చివరి పేజీల్లో రాసుకున్నారు. వ్యవస్థాపక దినం నాడు అవతల దండ వేస్తుంటే, ఇవతల ఆయన క్లాసులో హాజరు పిలిచేవారు. మా పేర్లయ్యాక వాళ్ళవి.

నేను చేరిన ఏడాది "పోలయ్య గారు" అని, కలం పైకెత్తి ఆగారు. కుర్రతనం, నేను వెనక బెంచీ నుంచి "ప్రెజెంట్ సార్" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. టిక్కు పెట్టి, "పలికావు కదా బాబూ, ఇక ఆయన తరఫున నువ్వే" అన్నారు.

ఆదివారాలు స్కూటరు మీద ఊళ్ళు తిరిగి ఆ మనుషుల తాలూకు వాళ్ళని వెతికేవారు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళారు. కడియంలో ఒక నర్సరీలో మొక్కల సంచులకి మట్టి నింపుతున్న ముసలావిడ పోలయ్య పేరు వినగానే చేతులు దులుపుకుని లేచింది. "మా తాతకి తాతండి. కోరంగెళ్ళొస్తానని ఎల్లాడంటండి. ఇంకా రాలేదండి" అంది. దారిలో మాస్టారు స్కూటరు ఆపి, చల్లారిపోయిన టీ తాగుతూ, "ఇంకా రాలేదంటోంది, విన్నావా?" అన్నారు.

ఆయన రిటైరయ్యాక, ఏటా వ్యవస్థాపక దినం నాడు నేనే వాళ్ళింటికెళ్ళి, ఆయన హాజరు పిలిస్తే వరండాలో పోలయ్య గారి తరఫున పలికొచ్చేవాణ్ణి.

ఆయన కోరింది పెద్దదేం కాదు. గేటు దగ్గర ఒక రాయి, దాని మీద ఆ పేర్లు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టారు. విదేశాల్లో యూనివర్సిటీలు ఇలాంటివి చేస్తున్నాయని పైవాళ్ళ చెవిన ఎవరో వేశాక, చివరికి కమిటీ వేశారు. అందులో నేనున్నాను. "పేర్లెందుకండీ, కులాలు బయటికొస్తాయి, లేనిపోని గొడవలు. దాతగారి కుటుంబం కూడా నొచ్చుకుంటుంది" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు. నా ప్రమోషన్ ఫైలు అప్పుడు ఆయన బల్ల మీదే ఉంది. పేర్లు వద్దన్న తీర్మానం మీద సంతకం పెట్టేశాను. సిగ్గులేని సంతకం.

రాయి వచ్చింది. "నాటి కూలీల స్మృత్యర్థం" అని ఒకే ఒక్క ముక్క. అడుగున మాత్రం దాతగారి వంశస్థుల సౌజన్యమంటూ నలుగురి పేర్లు, గారుతో సహా, బంగారు రంగులో. ఆవిష్కరణకి మాస్టారొచ్చి మొత్తం చదివారు. నా భుజం మీద చెయ్యేసి, "టీ తాగుదాం పద బాబూ" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తరవాత వ్యవస్థాపక దినానికి నేను వాళ్ళింటికి వెళ్ళలేదు.

నిన్న సంతాప సభ ఆ వ్యాపారి పటం కిందే జరిగింది. మాస్టారి ఫోటోకీ పటానికీ ఒకే కొట్టు నుంచి దండలు. ఆయన అర్జీలు చదవకుండా పక్కన పడేసిన వైస్ ఛాన్సలర్ గారే ఆయన్ని సత్యాన్వేషి అన్నారు. నేనూ ఆయన మంచితనం గురించి రెండు ముక్కలు చెప్పి దిగిపోయాను. గుమ్మం దగ్గర మాస్టారి భార్య నా చేతిలో హాజరుపట్టీ పెట్టారు. "నీకే ఇమ్మన్నారు బాబూ. ఎందుకో నీకు తెలుసన్నారు."

ఈ ఉదయం క్లాసులో చివరి పేజీలు తెరిచాను. పోలయ్య గారి వరసలో ఏటా ఒక టిక్కు. నేను వెళ్ళని ఏడాది గడి ఖాళీగా ఉంది. ఆబ్సెంట్ కూడా వెయ్యలేదు మాస్టారు.

"పోలయ్య గారు" అన్నాను. కలం పైకెత్తి ఆగాను.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఆ పేరుగలవాళ్ళు మన క్లాసులో ఎవరూ లేరండి సార్" అంది ముందు బెంచీలో అమ్మాయి.

పలకాల్సింది నేనే. కలం అలాగే పైన ఉండిపోయింది.