మూడు గంటల దారి

మా అన్నయ్య కొండదారులు కొలిచేవాడు. ఏ మలుపు నుంచి ఏ శిఖరానికి ఎన్ని గంటల నడకో తేల్చి, చెక్క బోర్డుల మీద రంగుతో రాసి పాతడం అతని ఉద్యోగం. అందరూ అతన్ని అంగల మాస్టారు అనేవారు. జనం ఆ బోర్డు చూసుకునే ఎప్పుడు బయల్దేరాలో నిర్ణయించుకునేవారు.

కొలవడానికి ఆఫీసు వాళ్లదో పద్ధతి ఉంది. అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టి, వీపున బరువుతో వెనకాల నడవాలి. అన్నయ్యకు ఒకరి వెనకాల నడవడమంటే ఒళ్లుమంట. పొద్దున్నే చల్లపూట ఒక్కడే చేతులూపుకుంటూ ఎక్కేసి, పట్టిన సమయంలో కొంత తగ్గించి రాసేవాడు.

"కాళ్లున్నోడికి అంతే పడుతుంది చెల్లీ. లేనోడు ఇంట్లో కూర్చోవాలి" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

కొండెక్కినవాళ్లు రాత్రి తలదాచుకునే పై గుడిసెకు మూడు గంటలని రాశాడు. అది నమ్మి మా ఊరి మాంసం కొట్టతను భార్యతో మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాడు. నాలుగు గంటలు నడిచినా గుడిసె రాలేదు, చీకటి వచ్చింది. ఆమె కాలు జారి లోయలో పడి చచ్చిపోయింది.

పదకొండో రోజు పొద్దున అతను మా షెడ్డులోకి వచ్చాడు. నేను బోర్డులకు రంగు వేస్తున్నాను. వస్తూనే, నా పక్కనున్న అన్నయ్య జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. అడ్డం వెళ్తే నన్ను గోడకేసి తోశాడు, నా మణికట్టు విరిగింది. కత్తి అన్నయ్య మెడకు ఆనించి, తన భార్య సంచిని అన్నయ్య భుజాలకు తగిలించాడు.

"పద. ఇది మోసుకుని ఆవిడ నడిచినట్టు నడువు. మూడు గంటల్లో గుడిసె చేరితే వదిలేస్తా. చేరకపోతే కిందికి దిగేది నేనొక్కణ్ణే."

నన్ను లోపలే ఉంచి బయట గడియ పెట్టాడు. తర్వాత సంగతి అన్నయ్య ఆసుపత్రిలో చెప్పాడు. అడుగు వేగంగా పడితే కత్తి పిడితో వీపున గుద్దేవాడట. భార్య ఎక్కడ ఆయాసపడిందో, ఎక్కడ బూటులో రాయి తీసుకుందో అతనికి అన్నీ గుర్తే. ఆ చోటల్లా ఆపేవాడు. మూడు గంటలయ్యేసరికి సగం దారి దాటి కొంచెమే వచ్చారు.

"నిజం చెప్పు, నీకెంత పట్టింది?"

"మూడే" అన్నాడు అన్నయ్య. కత్తి కింద కూడా పొగరు చావలేదు.

అతను అన్నయ్యను బోర్లా తొక్కిపట్టి కుడి మడమ పైనున్న నరం తెంపాడు. ఎక్కడ కోస్తే పశువు నడవలేదో అతనికి ఒకరు చెప్పాలా. పటుక్కున చప్పుడు వినిపించిందట. రెండో కాలు కూడా పట్టుకుని, వదిలేసి, అక్కడే కూలబడి ఏడ్చాడట. తర్వాత తన చొక్కా చింపి కట్టు కట్టి, అన్నయ్యను వీపున మోసుకొచ్చి పోలీసుల ముందు దించాడు.

అతను జైల్లోనే చావాలని నేను రోజూ కోరుకున్నాను. అన్నయ్య సాక్ష్యమే దానికి ఆధారం. "నీ తప్పేమీ లేదని చెప్పు, చాలు" అని నూరిపోశాను.

కోర్టులో అన్నయ్య చంకకర్ర మీద నిలబడ్డాడు. "నాకు మూడున్నర పట్టిందండి. బరువుతో ఎక్కే ఆవిడకి అయిదు పడుతుందని తెలుసు. తెలిసే మూడని రాశాను" అన్నాడు. ఉద్యోగం అక్కడికక్కడే పోయిందని నాకు అర్థమైంది. అన్నయ్య మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

అప్పుడు బోనులోంచి మాంసం కొట్టతను నోరు విప్పాడు.

"రెండు గంటలు నడవగానే ఆవిడ వెనక్కి పోదామందండి. బోర్డు అబద్ధం చెప్తుందా, నీ నడకే అంత అని తిట్టి నేనే నడిపించాను."

మా అన్నయ్య కాలి నరం తెంపిన మనిషి అతను. అయినా ఆ పూట అతని మొహం చూడలేక నేనే తల దించుకున్నాను.