ఒక్క కోరిక రాసిన సెల్వి

2004. బంగారు గనులు మూతబడి మూడేళ్లయింది. ఊరిగాంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో చరిత్ర చెప్పేవాణ్ణి. పర్మనెంటు ఉద్యోగం కాదు. వరండాలో నీళ్ల డ్రమ్ము మీద రెండు పాత్రలుండేవి. స్టీలు గ్లాసు గుమాస్తాల పిల్లలకు, ప్లాస్టిక్ మగ్గు గని లైన్ల పిల్లలకు, అంటే గని కూలీల ఇళ్ల వరసల్లో ఉండేవాళ్లకు. ఎవరు పెట్టారో ఆ రూలు! నేనూ అడిగిన పాపాన పోలేదు.

మాకు లెసన్ ప్లాన్ అని ఒక పుస్తకం ఉంటుంది. వారంలో ఏం చెబుతామో, ఏం రాయిస్తామో ముందే రాసి హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించుకోవాలి. ఆ వారం పాఠం జర్మనీ రైతుల తిరుగుబాటు. దేవుడి ముందు అందరూ ఒకటేనన్న మతగురువును నమ్మి, రైతులు పన్నెండు కోరికలు రాసి దొరల ముందు పెట్టారు. గొడవ ముదిరేసరికి ఆ గురువే వాళ్లను అణచమన్నాడు. వేలమంది చచ్చారు.

లైన్ల పిల్ల సెల్వి లేచింది.

"చెప్పినోడే మాట తిప్పినాడా సార్? ఎందుకు?"

"అది పరీక్షలో రాదులేమ్మా," అని నవ్వేశాను. మీరే రైతులైతే ఏం కోరతారో రాసి తెమ్మని హోంవర్కిచ్చాను.

మర్నాడు సెల్వి కాగితం నోటీసు బోర్డెక్కింది. అందులో ఒకటే కోరిక: "అందరికీ ఒకే గ్లాసు."

హెడ్మాస్టరు సెల్వినీ నన్నూ గదికి పిలిపించాడు. బల్ల మీద టీసీ పుస్తకం, అంటే పిల్లల్ని బడి నుంచి పంపేసే సర్టిఫికెట్ల కట్ట. టెన్త్ పరీక్షలకు నెల కూడా లేదు.

"ఎవురు నేర్పించినారు? పేరు చెప్తే వదిలేస్తా. లేదంటే ఈ పొద్దే టీసీ."

నా పేరు చెబితే నా ఉద్యోగం ఊడుతుంది.

"ఎవురూ లేదు సార్. నేనే రాసినాను," అంది సెల్వి.

నేను లెసన్ ప్లాన్ను చంకలోకి ఇంకాస్త జరుపుకున్నాను. ఆయన పెన్ను తీసి ఆమె పేరు రాయడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల నా వైపు చూడనైనా లేదు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. చంకలో ఉన్న లెసన్ ప్లాన్ తెరిచి బల్ల మీద పెట్టాను.

"నేనిచ్చిన హోంవర్కే సార్. కింద మీ సంతకం ఉండాది."

ప్రతి సోమవారం చదవకుండా పెట్టే సంతకం అది. గొడవ పెద్దదైతే ఆయనకూ చుట్టుకుంటుంది. ఆయన దానివంక చూసి, టీసీ చించేశాడు.

"నువ్వు క్లాసుకి పోమ్మా." తర్వాత నాతో, "ఈ ఏడుతో ఇంగ చాలప్పా," అన్నాడు.

సెల్వి పరీక్ష రాసి పాసయింది. నేను సామాను తీసుకెళ్లే రోజు గేటు దగ్గర ఆపింది.

"సార్, ఆ గురువు ఎందుకట్ల చేసినాడు?"

"భయపడి ఉంటాడమ్మా."

"మీరూ భయపడినారు గదా సార్. నేను చూడకపోయినా తెలిసింది."

ఆ తర్వాత ఎన్నో బళ్లలో పనిచేశాను. పరీక్షలో రాదులే అని ఏ పిల్లతోనూ అనలేదు.