మంచు పడ్డ పొద్దున కూయని అలారం

2004 సెప్టెంబరు. ఆక్లండ్ పడమటి వైపు న్యూ లిన్‌లో, రైలు పట్టాలను ఆనుకుని ఉన్న ఒక రేకుల షెడ్డులో మా కంపెనీ ఉండేది. పండ్లతోటల కోసం ఫ్రాస్ట్ అలారాలు తయారుచేసేవాళ్ళం. వాటి లోపలి చిప్‌లో నడిచే ప్రోగ్రామ్ రాయడం నా పని. కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, మంచుగడ్డ అంటే ఫ్రిజ్‌లోనే చూసినదాన్ని. అలాంటి నాకు చలి గురించి హెచ్చరించే పెట్టెల ఉద్యోగం దొరికిందని మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు.

భూగోళం దక్షిణపు సగంలో ఉన్న ఆ దేశంలో సెప్టెంబరంటే వసంతం. దక్షిణాన సెంట్రల్ ఒటాగోలో ఆప్రికాట్ చెట్లు మొగ్గ తొడుగుతాయి. సరిగ్గా అప్పుడే తెల్లవారుజామున నేల మీద మంచు పేరుకుని మొగ్గల్ని కాల్చేస్తుంది. అందుకని తోటల్లో పెద్ద స్తంభాల మీద ఫ్యాన్లు పెడతారు. పైన ఉన్న కాస్త వెచ్చటి గాలిని అవి కిందికి తోస్తాయి. ఉష్ణోగ్రత పడిపోగానే మా పెట్టె కూత పెడితే, తోట చూసుకునే మనిషి లేచి ఫ్యాన్లు వేస్తాడు.

ఒక తోటలో మా పెట్టె కూయలేదని ఫిర్యాదు వచ్చింది. రెండు వరసల చెట్ల మొగ్గలు మాడిపోయాయి. తోట మేనేజరు అలారం మోగలేదంటున్నాడు. ఓనరేమో, మోగితే ఆపేసి మళ్ళీ పడుకున్నాడని అంటున్నాడు. మా రిపోర్టు వచ్చేదాకా ఆగుతానని, పెట్టెలో లోపం లేదని తేలితే అతన్ని పంపించేస్తానని మాకు చెప్పేశాడు. ఆ ఉద్యోగంతో పాటే తోటలో ఇల్లు కూడా పోతుంది.

పెట్టె పోస్టులో వచ్చింది. నేను దాన్ని ఫ్రీజర్‌లో పెట్టాను. చక్కగా కూసింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ కూసింది. మా చీఫ్ ఇంజినీర్ గ్రాహం టీ కప్పు పట్టుకుని వచ్చి చూశాడు.

"పెట్టె బాగానే ఉంది. లోపం లేదని రాసేద్దాం" అన్నాడు.

"ఒక్కసారి ఆ మేనేజరుతో మాట్లాడి రాద్దాం" అన్నాను.

ఫోన్ చేసి నా పేరు చెప్పగానే అవతలి గొంతు ఆగింది. "తెలుగమ్మాయివా?" అని తెలుగులోనే అడిగింది. ఆయన పేరు అప్పన్న. ఫిజీలో పుట్టిన మనిషి. చెరుకు తోటల్లో పనికి వెళ్ళిన తాతల నాటి తెలుగు, మధ్యమధ్య హిందీ. దక్షిణాన అంత మారుమూల అలాంటి తెలుగు వినిపిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"అది కూత పెట్టలేదమ్మాయ్. ఎవుళూ నమ్మట్లేదు గానీ, కూత పెట్టలేదు" అన్నారు.

గ్రాహంని బతిమాలి, పెట్టె పట్టుకుని డునెడిన్‌కి విమానం ఎక్కాను. అక్కణ్ణించి కారులో కొండల మధ్యగా వెళ్తుంటే, ఎటు చూసినా పసుపూ బూడిదా కలిసిన గడ్డి, మనిషి జాడ లేని రోడ్డు. నేను నిజంగా డ్రైవ్ చేస్తున్నానా, ఎవరో నన్ను మోసుకుపోతున్నారా అనిపించింది. సాయంత్రానికి తోట చేరేసరికి కొండల మీద వెలుగు గులాబీ రంగులోకి మారింది. అప్పన్న అంకుల్ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. అరవై ఏళ్ళుంటాయేమో, ఉన్ని టోపీ, బురద బూట్లు. నన్ను చూడగానే "తిన్నావా?" అన్నారు. ఆ మాటతో ప్రయాణం బడలిక సగం పోయింది.

పెట్టె బిగించాను. అలారం ఎంత చలికి కూయాలో ఆయనే మీట తిప్పి, పెట్టె తెర మీద అంకె మార్చి పెట్టుకున్నారు. సున్నాకి పైన ఒక డిగ్రీ దగ్గర కూసేలా మేము పెట్టి పంపుతాం. ఆయన దాన్ని సున్నా దాటించి ఇంకా కిందికి దించారు.

"అంత కిందికెందుకు అంకుల్?"

"ఈ మొగ్గ ఇంకా ముడుసుకునే ఉంది కదా. ఈపాటి సలికి దానికేం కాదు. పువ్వు ఇచ్చుకున్నాక పైకి తిప్పుతాను. ఎప్పుడూ అంతే. ఊరికే ఫ్యాన్లు తిప్పితే చుట్టుపక్కలోళ్ళకి నిద్దరుండదు."

అంతకు ముందున్న వేరే కంపెనీ పెట్టెలతో ఏళ్ళ తరబడి అలాగే చేశారట. మాది ఆ ఏడే కొత్తగా పెట్టింది. పోస్టులో పంపేటప్పుడు బ్యాటరీ తీసేస్తే ఆయన పెట్టుకున్న అంకె చెరిగిపోయి, మేము పెట్టిందే మళ్ళీ వస్తుంది. నేను ఫ్రీజర్‌లో పరీక్షించింది ఆయన వాడిన పెట్టెని కానే కాదన్నమాట.

తెల్లవారుతుండగా ఆయన నేను పడుకున్న గది తలుపు తట్టారు. బయట లోకం మారిపోయి ఉంది. గడ్డి తెల్లగా ఉంది, కంచె తీగలు తెల్లగా ఉన్నాయి, నడుస్తుంటే కాళ్ళ కింద నేల కరకరమంటోంది. చెట్ల మధ్య పల్చటి పొగమంచు కదలకుండా నిలబడింది. అంత అందమైన పొద్దుని నేను అంతకు ముందు చూడలేదు. అంత భయం పుట్టించిన పొద్దునీ చూడలేదు. కొమ్మకి వేలాడే థర్మామీటరు ఆయన పెట్టిన గీత దాటి కిందికి దిగింది. మా పెట్టె తెర మీద అంకె కూడా అదే చూపించింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. ఎక్కడో ఒక పక్షి అరిచింది, అంతే.

"ఇన్నావా అమ్మాయ్?" అన్నారు నెమ్మదిగా.

"ఏమీ వినపడలేదు అంకుల్."

"అదీ. ఆ పొద్దున నాకూ అదే ఇనపడింది."

అని చెప్పి ఫ్యాన్ల వైపు పరుగెత్తారు. ఇంజన్ల హోరుకి పొగమంచు చీలిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చలికి కాదు.

నా కళ్ళతో చూశానంటే ఓనరుకి సరిపోదు, కారణం కావాలి. న్యూ లిన్ తిరిగొచ్చి, నా బల్ల మీది కంప్యూటర్‌లో తయారుచేసిన ప్రోగ్రామ్‌ని ఒక కొత్త పెట్టెలో ఎక్కించి, అంకుల్‌లాగే మీట కిందికి దించి ఫ్రీజర్‌లో పెట్టాను. కూసింది. తోట నించి తెచ్చిన పెట్టె మాత్రం, మీట అంతే దించి పెట్టినా, కూయలేదు. రెండింటిలోనూ ఉన్నది నేను రాసిన ఒకటే ప్రోగ్రామ్, అక్షరం తేడా లేదు. మరి తేడా ఎక్కడ? రోజంతా కలలో నడిచినట్టు తిరిగాను. ఇంట్లో పిల్లలు పిలిచినా వినిపించలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మూలనున్న పాత కంప్యూటరు. మేము రాసే ప్రోగ్రామ్‌ని చిప్‌కి అర్థమయ్యే అంకెల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌ని కంపైలర్ అంటారు. మా బల్లల మీద కొత్త కంపైలర్ ఉండేది. కానీ అమ్మే పెట్టెల్లోకి వెళ్ళే ప్రోగ్రామ్‌ని గ్రాహం ఆ పాత కంప్యూటర్‌లోని పాత కంపైలర్‌తోనే తయారుచేసేవాడు. ఏళ్ళుగా నమ్మకంగా పనిచేసిందని, దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దుమ్ము పడకుండా మీద తువ్వాలు కూడా కప్పేవాడు, పూజగదిలో పెట్టడం ఒక్కటే తక్కువ.

తువ్వాలు తీశాను. ఆ పాత కంపైలర్‌తో తయారుచేసిన ప్రోగ్రామ్ ఎక్కిస్తే పెట్టె కూయలేదు. లోపల ఏం జరుగుతోందో చూద్దామని పోల్చే చోట ఉష్ణోగ్రతని నా కంప్యూటర్ తెరకి పంపే ఒక లైను చేర్చాను. కూసింది! తీసేస్తే మళ్ళీ మౌనం. మనం చూస్తున్నంత సేపూ కనపడని బగ్ అది. ఇక ఆ కంపైలర్ తయారుచేసిన అంకెల్ని ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోయాను. ప్రోగ్రామ్‌ని పొట్టిగా, వేగంగా చెయ్యడాన్ని ఆప్టిమైజేషన్ అంటారు. ఆ పాత కంపైలర్ పొట్టిగా చేసే తొందరలో, పోల్చే చోట ఉష్ణోగ్రత ముందున్న మైనస్ గుర్తుని వదిలేస్తోంది. మా చిప్ డిగ్రీని పది భాగాలుగా లెక్కపెట్టి, మైనస్ ముప్ఫైని 256లోంచి ముప్ఫై తీసేసి 226గా దాచుకుంటుంది; గుర్తు పోతే సున్నా కింద మూడు డిగ్రీల చలి దాని లెక్కలో ఇరవై రెండు డిగ్రీల వెచ్చదనం అవుతుంది. నేను చేర్చిన లైను దాన్ని పూర్తి లెక్క చెయ్యమని బలవంతపెట్టింది కాబట్టి అప్పుడు మాత్రం సరిగ్గా వచ్చింది. మేము పెట్టి పంపే అంకె దగ్గరైతే మైనస్ రాకముందే కూసేస్తుంది కాబట్టి ఇన్నాళ్ళూ ఆ తప్పు బయటపడలేదు. బయట మొగ్గలు మాడిపోతుంటే, ఆ పెట్టె ఎండకాచే మధ్యాహ్నం ఏదో కలగంటూ కూర్చుందన్నమాట.

గ్రాహంకి చూపించాను. ఆ అంకెల మీద వేలు పెట్టి లైను లైనుగా చదివాడు. తర్వాత కుర్చీ లాక్కుని, "రిపోర్టు నేను రాస్తాను. తప్పు మాదేనని మొదటి వాక్యంలోనే రాస్తాను" అన్నాడు. అలాగే రాశాడు. అమ్మిన పెట్టెలన్నీ వెనక్కి రప్పించి మార్చాం. అప్పన్న అంకుల్ ఉద్యోగం నిలబడింది. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను.

మరుసటి ఏడు ఆక్లండ్‌లోనే శాండ్రింగ్‌హామ్‌లో ఒక ఇండియన్ కొట్టులో కరివేపాకు ఏరుకుంటుంటే, "అమ్మాయ్" అని వినిపించింది. అంకులే. కోతలయ్యాక పని మానేసి కూతురి దగ్గరికి వచ్చేశారట.

"అదేంటి అంకుల్, ఓనరు క్షమాపణ చెప్పలేదా?"

"సెప్పాడు. మంచోడే. మీ కాగితం సేత్తో పట్టుకుని మరీ వచ్చి సెప్పాడు." కరివేపాకు కట్ట సంచిలో వేసుకుంటూ, "అన్నేళ్ళు ఆ తోట నా మాట మీద నడిసింది. ఆ ఒక్క పొద్దున నా మాట నమ్మడానికి ఆక్లండ్ నించి కాగితం రావాల్సొచ్చింది. ఆ తరవాత అక్కడ ఉండబుద్ధి కాలేదు" అన్నారు. మందలించినట్టు కాదు, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా అన్నారు.

అప్పటి నించీ ఎవరు ఫోన్ చేసి పెట్టె పనిచెయ్యట్లేదన్నా, "మీరు చెప్పేది నిజమేననుకుని మొదలుపెడతాను" అంటాను. చాలాసార్లు తీగ ఊడిపోయి ఉంటుంది, లేదా స్విచ్ వేసి ఉండరు. ఆఫీసులో నన్ను ఆటపట్టిస్తారు కూడా. ఫరవాలేదు. నేను ఆ మాట అనగానే అవతల మనిషి ఒక్క క్షణం ఆగుతారు. ఆ తర్వాత నెమ్మదిగా, మేము అడగాలని కూడా తెలియనివన్నీ చెప్పడం మొదలుపెడతారు.