కొత్తదని రాసిన కూజా

అమీర్ జాన్ ఎవరినీ నమ్మడు. ఖర్జూరం డబ్బా కొంటే పైవరస తీసి అడుగువరస చూస్తాడు. మంగలి కొత్త బ్లేడే అంటే దాని కాగితం చూపించమంటాడు. తను ఉండే సజ్జా కార్మికుల క్యాంపులో ఎవరైనా 'వల్లాహి' అని ఒట్టు పెట్టి మాట మొదలుపెట్టారంటే, ఇక మిగతాదంతా అబద్ధమేనని తేల్చేస్తాడు. తోటివాళ్ళు చాటుగా 'సీఐడీ' అని నవ్వుకుంటారు. నవ్వితే నవ్వనీ, మోసపోయాడని మాత్రం ఎవరూ అనలేరు గదా అని అతని ధీమా.

ఆ గుణం ఊరికే రాలేదు. రాయచోటి నుంచి ఈ అరబ్బుల దేశానికి వచ్చినప్పటి నుంచీ అతని పనే అలాంటిది. అరబ్బులు ఖహ్వా అనే కాఫీ పోసుకునే, పక్షిముక్కులాంటి కొమ్మున్న ఇత్తడి కూజాలు ఇండియా నుంచి తళతళలాడుతూ దిగుతాయి. అమీర్ జాన్ వాటికి ఉప్పూ వెనిగరూ పూసి, తడిగోనెలో చుట్టి, పొగబెట్టి, పిడి కింద మసి దట్టించి ముసలివాటిని చేస్తాడు. వర్క్‌షాప్ నడిపే ముదీర్ హబీబుల్లా వాటిని ఫోటోలు తీసి ఆన్‌లైన్లో పెడతాడు. కరోనా తర్వాత జనం ఇంట్లో కూర్చుని కొనడం మరిగాక గిరాకీ బాగా పెరిగింది. ప్రతి ఫోటో కిందా ఒకటే కథ: 'మా నాయనమ్మకు వాళ్ళ అత్తగారు ఇచ్చింది.' ఆ నాయనమ్మకు ఎందరు అత్తగార్లో హబీబుల్లాకే తెలియాలి. మసి నాది, మాట ముదీర్‌ది అని అమీర్ జాన్ తన వంతు పాపాన్ని ఏనాడో వేరు చేసి పెట్టుకున్నాడు.

అతని చెల్లెలు పర్వీన్ రాస్ అల్ ఖైమాలో ఒక ఇంట్లో ముసలావిడకు సేవ చేసేది. పెద్దమ్మా అని పిలిచేది. మొన్న చలికాలంలో ఆవిడ పోయింది. ఇంకో ఇంట్లో పని సిద్ధంగానే ఉంది, రెండేళ్ళకు సంతకం పెట్టాలి. పర్వీన్‌కు పెట్టాలని లేదు. ఊళ్ళో కూతురు ఆఫ్రీన్ తల్లిని ఫోన్‌లో తప్ప ఎరగదు. చేతిలో నాలుగు రూపాయలుంటే కుట్టుమిషను పెట్టుకుని కూతురి దగ్గరే బతకొచ్చు. ఆ ఆశతోనే ఒక శుక్రవారం పాత కూజా ఒకటి గుడ్డలో చుట్టుకుని అన్న దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మ ఇచ్చినాదన్నా. వాళ్ళ అత్తగారిదంట. శానా పాతది. నువ్వే అమ్మిపెట్టల్ల."

అత్తగారు అన్న మాట చెవిన పడగానే అమీర్ జాన్ కళ్ళు చిన్నవయ్యాయి. పిడి కింద వేలు పెట్టి గీరాడు. మసి అంటింది. వాసన చూశాడు. తన చేతిపనే అనిపించింది. ఒకసారి అనిపించాక అల్లా దిగివచ్చి చెప్పినా వినే రకం కాదు.

"ఇది మా సరుకే పర్వీనూ. ఆ ఇంటోళ్ళు ఆన్‌లైన్లో కొనుంటారు. ముసలామె నీ చెవిలో పువ్వు పెట్టినాది."

"పెద్దమ్మ అట్ల చెప్పే మనిషి గాదన్నా. నా చేత్తోనే అన్నం తినేది."

"తింటే? దినామూ నేను చేసే పని నాకు తెలీదా?"

పర్వీన్ మొహం మాడిపోయింది. కూజా అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

కూజా అడుగున చుక్కలు చుక్కలుగా 'పర్వీన్' అని తెలుగు అక్షరాలున్నాయి. మన దిక్కున ఎవరైనా గిన్నె ఇస్తే దాని మీద పేరు కొట్టించుకోవడం ఆనవాయితీ. ఆ ఇంట్లో పనివాళ్ళు నలుగురు, వస్తువులకు కాళ్ళొస్తాయని ఆమే మేకుతో కొట్టుకుంది. కొనేవాడికి గీతలు కనబడకూడదని అమీర్ జాన్ అలవాటుకొద్దీ వాటి మీద మసి పూసేశాడు. చెల్లెలి వస్తువు గదా, అబద్ధం వద్దనుకుని 'కొత్తది, పాతదానిలా చేసింది' అని రాసి అమ్మకానికి పెట్టాడు. అలా నిజం రాసినందుకు లోపల గర్వంగానే ఉంది.

బేరమాడకుండా ఒకతను వస్తానన్నాడు. బేరమాడని మనిషంటే అమీర్ జాన్‌కు అప్పుడే గుబులు పుట్టింది. మరుసటి శుక్రవారం క్యాంపు బయట టీకొట్టు దగ్గర కారు ఆగింది. తెల్లటి కందూరా తొడుక్కున్న కుర్రవాడు దిగి, అన్న పక్కన నిలబడ్డ పర్వీన్‌ను చూసి ఆగిపోయాడు. పెద్దమ్మ మనవడు.

"పర్వీన్, నువ్వా?" అన్నాడు హిందీలో. కూజా అందుకుని కొమ్ము దగ్గరి అతుకు మీద వేలు పెట్టాడు. "ఈ అతుకు మా తాత వేయించాడు. ఫోటోలో చూసి గుర్తుపట్టాను. నిజంగా పాతదాన్ని కొత్తదని ఎవరమ్ముతారు? దొంగిలించినవాళ్ళే." కూజా తిరగేశాడు. వేళ్ళకు పచ్చి మసి అంటింది. "కింద ఏం దాచారు? పోలీసులకు చెప్పమంటారా?"

పర్వీన్ అన్న మొహంలోకి చూసింది. అమీర్ జాన్‌కు తల తీసేసినట్టయింది. నోరు మూసుకుంటే చెల్లెలు జైలుకు పోతుంది. నోరు విప్పితే తన కొలువు ఖలాస్.

"తప్పు నాది, ఆమెది కాదు," అన్నాడు. "కొత్తవాటిని పాతవిగా చేయడమే నా పని. ఆమె పాతదనే చెప్పింది. నేను నమ్మలేదు." ఎక్కడ చేస్తావని కుర్రవాడు అడిగాడు. అమీర్ జాన్ వర్క్‌షాప్ పేరు చెప్పాడు. కొట్టులో నిమ్మచెక్క అడిగి తీసుకుని, కూజా అడుగు రుద్దాడు. చుక్కలు బయటపడ్డాయి.

"నా పేరు," అంది పర్వీన్ మెల్లగా. "మా దిక్కు, ఇచ్చినవాళ్ళ ముందరే కొట్టుకుంటాం."

కుర్రవాడు తన మేనత్తకు ఫోన్ చేశాడు. ఆవిడకు బాగానే గుర్తుంది. పర్వీన్ మేకు పట్టుకుని ఠకఠకా కొడుతుంటే, మంచం మీద ముసలావిడ దగ్గొచ్చేదాకా నవ్విందట. కూజాను ఆ ముసలావిడే తన చేతులతో ఇచ్చిందట. కుర్రవాడు తల దించుకుని పర్వీన్‌ను మాఫీ అడిగాడు. మంచి ధరే ఇచ్చి, కూజాను ఇంటికి తీసుకుపోయాడు.

"ఇంగ సంతకం పెట్టే పన్లేదు. ఆఫ్రీన్ కాడికి పోతావు గదమ్మా," అన్నాడు అమీర్ జాన్. తన కొలువు సంగతి ఎత్తలేదు.

"పోతాలే అన్నా." పర్వీన్ కళ్ళు తుడుచుకుంది. "వారం దినాలుగా పెద్దమ్మను తిట్టుకుంటి. ఉత్త ఇత్తడి చేతిలో పెట్టి నన్ను పిచ్చిదాన్ని చేసినాదని. ఆమె పేరున దువా చేసేది గూడా మానేస్తి."

అమీర్ జాన్ క్షమించమని అడగబోయి ఆగిపోయాడు. ఆ మాట వినాల్సిన మనిషి రాస్ అల్ ఖైమాలో మట్టి కింద ఉంది.