బుట్టలో పడని ముక్కు

ఆ రోజుల్లో వాయుసేనలో మా కుర్ర పైలట్ల మధ్య వయసెంతని ఎవరూ అడిగేవారు కాదు, గంటలెన్ని అని అడిగేవారు. గాల్లో గడిపిన ప్రతి నిమిషమూ లాగ్‌బుక్కులోకి ఎక్కాలి, ఎక్కిన గంటలను బట్టే మనిషికి మర్యాద. నేల మీద గడిపిన జీవితానికి లెక్క లేదు (నేను నేల మీద గడిపిన తీరు చూస్తే అదే న్యాయమనిపిస్తుంది). నాలుగు వందల గంటలు దాటేసరికి నాకు కొంచెం గీర వచ్చింది. సెలవుకు మెట్‌పల్లి వెళ్లినప్పుడు ఆ సంగతి మా అక్క మొగుడి చెవిన వేశాను. బావ పసుపు చేలో ట్రాక్టర్ ఆపి, స్టీరింగు ముందున్న గంటల మీటరు మీది దుమ్ము తువ్వాలతో తుడిచి చూపించాడు. "మా బండి మూడు వేల గంటలు దాటింది బామ్మర్దీ. నీకన్న సీనియర్. జర దండం బెట్టు." పెట్టాను.

నిజానికి ఆ సెలవుకు నేను సంబరంగా రాలేదు. గాల్లో ఇంధనం నింపుకునే విద్యలో మూడుసార్లు తప్పి, ఒళ్లు హూనమై వచ్చాను. వినడానికి అది సులువైన విద్యే. ముందు పెద్ద ట్యాంకర్ విమానం పోతుంటుంది. దాని రెక్క నుంచి పొడుగాటి గొట్టం, గొట్టం చివర గొడుగులాంటి బుట్ట వేలాడుతుంటాయి. మన విమానం ముక్కు పక్కన పొడుచుకొచ్చిన కడ్డీని, మనిషి నడకంత నిదానంగా తీసుకెళ్లి ఆ బుట్టలో గుచ్చాలి. నేర్చుకునేవాళ్లకు ఇంధనం చుక్క కూడా వదలరు, ఉత్తుత్తి గుచ్చుడే. చిక్కల్లా ఎక్కడంటే, మన ముక్కు దగ్గరికి రాగానే అది తోసే గాలికి బుట్ట సిగ్గుపడ్డట్టు పక్కకు జరుగుతుంది. దాన్నే చూస్తూ వెంటపడితే అది ఇటు, మనం అటు. అందుకే బుట్టను చూడొద్దు, ట్యాంకర్‌ను చూస్తూ పొమ్మంటారు. లోకంలో ఎవరైనా చూసే కదా బుట్టలో పడతారు, చూడకుండా పడడం నా వల్ల కాలేదు. నాలుగోసారి ఎగిరినప్పుడు కనీసం రెండుసార్లు గుచ్చకపోతే జాబితాలోంచి నా పేరు కొట్టేస్తామన్నారు. అప్పుడిక దూరాభారం ప్రయాణాలన్నీ తోటివాళ్లవి, సొంత రన్‌వే చుట్టూ ప్రదక్షిణలు నావి.

బావకు ఈ గోడు వెళ్లబోసుకుంటే పకపకా నవ్వాడు. "గింతేనా? గంపల కట్టె వెట్టుడు గూడ ఒక పరేషానేనా? రేపు పొద్దుగాల కాలువ గట్టు మీదికి రా." మర్నాడు ట్రాక్టర్ వెనక పసుపు కొమ్ములెత్తే గంపను అడ్డంగా తాడుతో వేలాడదీశాడు. మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు వెదురు బొంగు కట్టుకుని నేను వెనకాల. ఆయన గట్టు మీద నెమ్మదిగా పోతుంటే నేను గంపనే కళ్లప్పగించి చూస్తూ వెళ్లి గుచ్చడం. మూడు రోజులు అదే పని. చేలకు పోయేవాళ్లు ఆగి, చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయేవారు. అడిగింది మా అవ్వ ఒక్కతే.

"పెద్ద కొలువు జేస్తుండని ఊరంత జెప్పుకున్నగదరా. గిదేనా నీ కొలువు?"

"ప్రాక్టీస్ అవ్వా!"

"గంప జిల్లువడ్డదో, మీ బావను గాదు, నిన్నే కొత్తది తెమ్మంట."

మూడో రోజు సాయంత్రానికి యాభైకి యాభై. గంపకు చిల్లు పడింది, నాకు మాత్రం తిరుగులేదు.

మా స్క్వాడ్రన్‌లో శిక్షణ ఇచ్చే పెద్దాయన ఆదిలాబాద్ జిల్లా బోథ్ మనిషి, మాటల్లో కాస్త మరాఠీ దొర్లేది. అందరం ఆయన్ని బోథ్ సారు అనేవాళ్లం. రేడియోలో ఇంగ్లీషే అయినా, ముందు సీట్లో నేను, వెనక సీట్లో ఆయన ఉన్నప్పుడు మా ఇద్దరి మధ్య మాత్రం ఇంటి మాటే. నాలుగోసారి ట్యాంకర్ వెనక చేరగానే నేను కాలువ గట్టు మీద ఉన్నంత ధీమాగా బుట్ట మీద చూపు నిలిపాను. అది జరిగింది. నేనూ జరిగాను. అది లేచింది. నేనూ లేచాను.

"కాయ్‌రా మెట్‌పల్లీ! బుట్టతోని లగ్గం జేసుకుంటవా ఏంది, గట్ల జూస్తున్నవ్? పెద్ద విమానం దిక్కు జూడు!"

అప్పుడు తెలిసింది. గట్టు మీద గంపను తోసే గాలి లేదు, అది ఎక్కడిదక్కడే ఉంటుంది. మూడు రోజులు చెమటోడ్చి నేను నేర్చుకున్నది, చెయ్యొద్దన్న పనిని అద్భుతంగా చెయ్యడం. పాత తప్పుకు ఇప్పుడు సాధన కూడా తోడైంది. పది సార్లు తప్పాక లెక్క మానేశాను. కుడి చెయ్యి భుజం దాకా లాగుతోంది, చెమట కళ్లలోకి కారుతోంది, హెల్మెట్ రాయిలా ఉంది.

"ఇంక రెండు, మూడు సార్లే. ఇగ పోవుడే," అన్నారు సారు, తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు.

నాకూ లేదు. బుట్టను వెంటాడే ఓపిక అసలే లేదు. ఎదురుగా ట్యాంకర్ బూడిదరంగు పొట్ట కనిపిస్తుంటే, ఎండలో పడుకున్న బర్రెను చూసినట్టు దాన్నే చూస్తూ, చెయ్యి కదపబుద్ధి కాక అలాగే ముందుకు పోయాను. ఠక్‌మంది. బుట్ట తనంతట తానే వచ్చి కూర్చున్నట్టుంది.

వెనక సీట్లోంచి సారు గొంతు వినిపించింది. "పండుకున్నవారా?"

"లేదు సార్. తగిలింది సార్."

"తెలుస్తుంది. ఇగ ఇడువు. రెండోది జెయ్యాలె."

నేను వదల్లేదు. మళ్లీ దొరకదేమోనని భయం. చుక్క ఇంధనం రాని గొట్టాన్ని పట్టుకుని అలాగే ఎగురుతున్నాను.

"అరే బాబా, రెండోది గావాలంటే మొదటిది ఇడువాలె గదరా! గా ట్యాంకరోళ్లు గూడ ఇంటికి వోవాలె!"

వదిలాను. బుట్ట దూరమవుతుంటే ప్రాణం ఉసూరుమంది. కాని కళ్లు ట్యాంకర్ మీదే ఉంచి, అదే అలసటతో, అదే నిర్లక్ష్యంతో మళ్లీ వెళ్లాను. ఠక్‌మంది. దిగాక బోథ్ సారు నా లాగ్‌బుక్కులో ఎర్ర సిరాతో రెండు అంకె వేసి, "ఒకటిన్నర రాయాలె అసలు. మొదటి దాన్ని ఇడిపిచ్చింది నేను," అన్నారు.

ఆ తర్వాత ఆ విద్యతోనే చాలా దూరాలు తిరిగాను. నిద్ర కళ్లతో, నొప్పుల నడుముతో, ట్యాంకర్ తర్వాత ట్యాంకర్. ఈమధ్య మెడ ఎముకలు చూసిన డాక్టరు ఇక యుద్ధ విమానం ఎక్కొద్దని రాశాడు. నేను వాదించలేదు. ఇన్నేళ్లకు వదలడం వచ్చేసిందనుకున్నాను. హెల్మెట్ తిరిగి అప్పగించమని స్టోరు నుంచి ఫోన్ చేస్తే, ఎక్కడ పెట్టానో వెతికి తెస్తానని చెప్పి వారం గడిపాను.

వెతకడానికేముంది, బల్ల మీదే ఉంది.