హికరీ అడుగుల చప్పుడు

డార్లీన్ వాన్ డ్యూసెన్ మా ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది. పొద్దున్నే వాగు పక్క రోడ్డులో మొదలుపెట్టి, పాడి కొట్టాల మీదుగా తిరిగి, పిల్లలందర్నీ ఎక్కించుకొస్తుంది. బస్సు నిండా గొంతులే. ఇంటికి తిరిగొస్తే ఒక్కటీ ఉండదు.

అందుకే కాబోలు, చాలా ఏళ్ల క్రితం కుక్కపిల్లల్ని పెంచడం మొదలుపెట్టింది. చూపులేనివాళ్లకు దారి చూపే కుక్కల్ని తయారుచేసే బడి ఒకటుంది. వాళ్లు పాలు మానిన కూనను తెచ్చిస్తారు. దాన్ని ఏడాదికి పైగా ఇంట్లో పెంచి, పదిమందిలో మెలగడం నేర్పి, తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేసిన మర్నాడు కూడా డార్లీన్ బస్సులో "కూర్చోండ్రా కోతుల్లారా!" అని ఎప్పట్లాగే అరిచేది. కాకపోతే ఆ వారమంతా ఆవిడ వంటింట్లో దీపం వెలిగేది కాదు. చివరగా పెంచిన హికరీ వెళ్లాక మాత్రం బడివాళ్లు ఇంకో కూనను తెస్తామంటే వద్దంది. కారణం అడిగితే "మోకాళ్లు" అంది.

హికరీ గోధుమరంగు లాబ్రడార్. పెద్ద తల, నెమ్మదైన కళ్లు. బ్రూక్లిన్‌లో ఎస్టెల్ బ్యాప్టిస్ట్ అనే హైతీ ఆవిడకి వాణ్ణి ఇచ్చారు. ఆవిడ ఒక ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తుంది. ఒంటరి మనిషి. నాలుగేళ్లు వాడితోనే ఉద్యోగానికీ, చర్చికీ, అంగడికీ తిరిగింది.

ఆ సెప్టెంబరులో కుక్కల బడి నుంచి డెవిన్ అనే కుర్రాడు డార్లీన్‌కి ఫోన్ చేశాడు. కుక్కలకు పని నేర్పేది అతనే.

"హికరీకి లైమ్ జబ్బు చేసిందండీ. వేసవిలో ఎక్కడో పిడుదు కుట్టినట్టుంది. జ్వరం, కీళ్ల వాపు. లేవలేకపోతున్నాడు. ఎస్టెల్ గారిది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆవిడ వాణ్ణి ఎత్తుకుని మెట్లు దిగలేదు కదా."

"నా దగ్గర రెండే మెట్లు," అంది డార్లీన్.

"ఇంకో మాట ముందే చెప్పాలి. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ నాటికి కుంటుడు పోకపోతే వాణ్ణి పని నుంచి తప్పిస్తాం. అప్పుడు మీరే ఉంచుకోవచ్చు. ఎస్టెల్ గారు ఇంకో కుక్క కోసం వరసలో నిలబడాలి. అది ఏడాదో, ఇంకా ఎక్కువో."

ఆ మాట విన్నాక ఏమనిపించిందని తర్వాత ఒకసారి నేనడిగాను. "పాపం అనిపించింది. ఎవరి గురించో మాత్రం అడగకు," అంది.

వాడు వచ్చిన రోజు వ్యాన్ నుంచి దుప్పటితో సహా దింపారు. డార్లీన్‌ని వాసన చూసి తోక ఒక్కసారి నేలకేసి కొట్టి, మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఒకరోజు ముందరి కాలు వాచేది, రెండు రోజులాగి వెనక కాలు. ఆవిడ పొయ్యి పక్కన పరుపు వేసుకుని వాడి దగ్గరే పడుకుంది.

మందు బిళ్ల మింగడానికి వాడు ఒప్పుకోలేదు. మా వైపు కుక్కలున్నవాళ్లంతా చేసే పనే ఆవిడా చేసింది, చీజు ముక్కలో దాచిపెట్టింది. లొట్టలేసుకుంటూ తిన్నాడు. వారమైనా జ్వరం పూర్తిగా తగ్గలేదు. పశువుల డాక్టరమ్మ అన్నీ అడిగి నెత్తి కొట్టుకుంది.

"డార్లీన్, పాల వస్తువుతో ఇస్తే ఆ మందు ఒంటికి సరిగ్గా పట్టదు! సీసా మీద రాసుంది కదా?"

"నా కళ్లద్దాలు బస్సులో ఉన్నాయి," అంది డార్లీన్, సిగ్గుపడి.

ఆ రోజు నుంచి ఉడికించిన కోడి ముక్కలో పెట్టి ఇచ్చింది. ఆకులు రంగు మారేసరికి జ్వరం పోయింది. ఆకులు రాలేసరికి వాడే లేచి గుమ్మం దాకా రాసాగాడు. వేటగాళ్ల రోజులు కదా, జింకనుకుని కాలుస్తారేమోనని వాడికి నారింజ రంగు చొక్కా తొడిగి, వాగు దాకా మెల్లగా నడిపించేది. పొద్దుటి చలికి కాస్త బిగుసుకునేవాడు గానీ నాలుగు అడుగులు వేస్తే సర్దుకునేది.

ఒక సాయంత్రం కట్టెలు చేత్తో పట్టుకుని వాడితో ఇంటికొస్తోంది. మెట్ల ముందు హికరీ ఠక్కున ఆగిపోయాడు. మళ్లీ కాలు నొప్పేమో అనుకుంది. కాదు. కదలకుండా నిలబడి ఆవిడ వైపు చూస్తున్నాడు. ఆవిడ పాదం మొదటి మెట్టును తాకాకే కదిలాడు. మర్నాడు దారికి అడ్డంగా వంగిన ఆపిల్ కొమ్మ దగ్గర అడ్డం తిరిగి నిలబడ్డాడు, ఆవిడ తలకి తగులుతుందని.

"ఒరేయ్ మొద్దూ, నాకు కనిపిస్తోందిరా," అంది.

వాడు కదల్లేదు. ఆవిడ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. కళ్లు మూసుకుంది. గొలుసు వదులుగా పట్టుకుని కొట్టం దగ్గర్నుంచి గుమ్మం దాకా వాడి వెంట నడిచింది. ఎక్కడా తట్టుకోలేదు. కళ్లు తెరిచాక చాలాసేపు లోపలికి వెళ్లలేదు. వాడికి నయమైపోయింది, పనీ మరిచిపోలేదు. ఆ సంగతి లోకంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

ఆ గురువారం డెవిన్ ఫోన్ చేశాడు. "ఎలా ఉన్నాడండీ?"

"పొద్దున్నే ఇంకా కుంటుతున్నాడు," అంది డార్లీన్. బిగుసుకోవడం నిజమే. కుంటడం కాదు.

"అయ్యో. అయితే కష్టమే," అన్నాడు అతను.

ఎస్టెల్ ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసేది. హికరీతో మాట్లాడేది కాదు. తన గొంతు వింటే వాడు బెంగపడి వెతుక్కుంటాడని భయం. ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు అని అడిగి పెట్టేసేది. ఆ ఆదివారం మాత్రం "డార్లీన్, ఒక సాయం చేస్తారా? ఫోను నేల మీద పెట్టి వాణ్ణి ఆ గది చివర నుంచి పిలవండి. వాడి నడక వింటాను," అంది.

కాదనడానికి ఏ వంకా దొరకలేదు. డార్లీన్ ఫోను చెక్క నేల మీద పెట్టి పిలిచింది. హికరీ గోళ్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఎస్టెల్?"

"నాలుగు కాళ్లూ సమానంగా పడుతున్నాయి," అంది ఎస్టెల్. "డెవిన్ మొన్న నాతో వేరేగా చెప్పాడు."

డార్లీన్ హికరీ పక్కన నేల మీద కూర్చుంది.

"కర్రతో పనికి వెళ్లొస్తున్నాను," అంది ఎస్టెల్. "రోడ్డు దాటిస్తామని ఎవరెవరో జబ్బ పట్టుకుని లాగేస్తారు. నేను దాటాలనుకోని రోడ్డు కూడా దాటించేస్తారు." నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. "చర్చికి వెళ్లడం మానేశాను. వాడుంటే అందరూ పలకరిస్తారు, వాడి పేరు పెట్టి. ఇప్పుడు ఎవరూ పలకరించరు."

"నన్ను తిట్టండి," అంది డార్లీన్.

"తిడితే మీకు తేలికవుతుంది. నేను తిట్టను. ఇంకో వారం కావాలంటే ఉంచుకోండి. ఆ పైన నా వల్ల కాదు."

డార్లీన్ వారం ఆగలేదు. మర్నాడు బస్సు ఎక్కేముందే డెవిన్‌కి ఫోన్ చేసి, తను చెప్పింది అబద్ధమని చెప్పింది. అతను "బుధవారం వస్తాను. మీ ఊరి పెద్ద వీధిలోనే వాడికి పని పట్టా కట్టి నడిపించి చూస్తాను. మీరు మాత్రం కనపడకండి. మిమ్మల్ని చూసి వాడు పని వదిలేసి మీ దగ్గరికొస్తే, ఇక వాడు పనికి రాడనే రాయాలి," అన్నాడు.

బుధవారం డార్లీన్ ఇంట్లో కూర్చోలేకపోయింది. ఆ వీధిలోనే నార్మ్ నడిపే ఇనప సామాన్ల కొట్లోకి వెళ్లి, కిటికీ అద్దానికి దూరంగా అరల వెనక నిలబడింది. నార్మ్ ఆవిడతో కలిసి చదువుకున్నవాడు.

"ఏం డార్లీన్, ఆ ఎలుకల బోను కొంటావా, పెళ్లి చేసుకుంటావా? ఇందాకట్నుంచి దాన్నే చూస్తున్నావు."

"నోర్ముయ్ నార్మ్."

అప్పుడే వాళ్లు వచ్చారు. డెవిన్ కళ్లకు గంతలు కట్టుకున్నాడు. పక్కనే హికరీ, తల నిటారుగా, అడుగు తడబడకుండా. కొట్టు తలుపు కొద్దిగా తెరిచి ఉంది. దాని ముందుకు రాగానే వాడు ఆగాడు. ముక్కు పైకెత్తాడు. డార్లీన్ అరల వెనక్కి ఇంకా ఒదిగింది. వాడు తన దగ్గరికి రావాలని ఉందో, రాకూడదని ఉందో ఆవిడకే తెలియలేదు. డెవిన్ గంభీరంగా "ముందుకి" అన్నాడు. వాడు ఒక్క క్షణం అలాగే ఉండి, తల తిప్పుకుని, పాలు మోసే లారీని చుట్టి మలుపు తిరిగిపోయాడు.

"నీ కుక్కే కదా అది?" అన్నాడు నార్మ్, ఈసారి మెల్లగా.

"కాదు," అంది డార్లీన్. "ఎస్టెల్‌ది."

కాసేపటికి ఫోను మోగింది. వాడు నెగ్గాడని డెవిన్ చెప్పాడు.

"బయటికి రావచ్చా?"

"వద్దండీ. నెమ్మదిగా ఉన్నాడు. ఇటునుంచి ఇటే తీసుకెళ్లిపోతాను. రాత్రికి ఎస్టెల్ గారి దగ్గరుంటాడు."

"సరే," అంది. "వాడికి బిళ్లలేవీ మిగల్లేదు. కోడి ముక్కంటే ఇష్టం, అది చెప్పండి."

వ్యాన్ చప్పుడు వినిపించేదాకా ఆవిడ అరల మధ్యే నిలబడింది. అంతసేపు నిలబడ్డందుకు ఏదో ఒకటి కొనాలనిపించి, అవసరం లేకపోయినా ఒక ఎలుకల బోను కొనుక్కుంది. సాయంత్రం బస్సు తీసే వేళైంది.