నీలంగుత్తి గడ్డకు కత్తి పెట్టిన సంగతి

మా వీధిలో అనుకుంటున్నది తప్పు. అత్త మీద కోపంతో ఇస్త్రీ అక్క ఆవిడ ప్రాణంలా చూసుకునే పూల గడ్డను కత్తితో కోసి పారేసిందని బేకరీ దగ్గర మొదలై ఇంటింటికీ పాకిపోయింది. కోసిన మాట నిజమే. పారేసిందన్నది అబద్ధం. ఇక కోపమంటారా, ఆ మనిషికి కోపం తెచ్చుకునే ఓపిక ఎక్కడుంది? పక్కింటిదాన్ని, కళ్లారా చూసినదాన్ని, నేను చెప్తాను వినండి.

ఇస్త్రీ అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పొద్దుటి నుంచి నిలబడే పని. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పాక కాసేపు గుమ్మంలోనే గోడకు ఆనుకుని ఉండిపోతుంది. లోపలికి వెళితే రెండో పని మొదలవుతుంది మరి. అత్త మంచం దిగి నడవలేదు. ఒళ్లు తుడవాలి, పక్కకు తిప్పాలి, ముద్ద నోట్లో పెట్టాలి. మొగుడు లారీ తోలతాడు, ఇంటికి చుట్టంలా వచ్చిపోతాడు. ఇంట్లో కూడా పక్కవాళ్ల బట్టలు నాలుగు ఇస్త్రీ చేసి పెడుతుంది.

ఇంటి వెనక మంచమంత నేల ఉంది. నడిచే రోజుల్లో ముసలమ్మ అందులో పూల గడ్డలు పెంచేది. చలి వెనక్కి తగ్గగానే పూసేవి అన్నీ. పసుపుపచ్చవి, తెల్లవి వాటంతటవే పక్కన పిల్ల గడ్డలు వేస్తాయి. ఆకు ఎండాక తవ్వి, విడదీసి, మళ్లీ పాతితే సరి. నీలం పూలు గుత్తిగా పూసే నీలంగుత్తి మాత్రం అలా కాదు, పిల్లలు వేయడానికి మహా పిసినారి. కానీ అది పూసిందంటే వాసన మా వంటింట్లోకి కూడా వచ్చేది. ఒకప్పుడు వరసంతా అదే ఉండేది. చివరికి ఒకే ఒక్క గడ్డ మిగిలింది.

అలా ఎందుకు మిగిలిందంటే, ముసలమ్మ కూతురి చలవ. ఆమె కాపురం రెండు వీధుల అవతలే. చేతులు ఖాళీగా ఉంటే ఊరుకోలేదు. పూలు రాలిపోయాక నీలంగుత్తి ఆకులు నేలమీద చిందరవందరగా పడి ఉన్నాయని, వచ్చినప్పుడల్లా వాటిని చిన్నపిల్ల జుట్టులా పాయలు తీసి జడలు అల్లి, కొసలు ముడివేసి పోయేది. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. కానీ ఆ ఆకు ఎండ తాగితేనే కదా కింద గడ్డకు తిండి! జడలో ఎండ ఎక్కడ తగులుతుంది? ఏటేటా గడ్డలు బక్కచిక్కి, మెత్తబడి, కుళ్లిపోయాయి. ముసలమ్మకు సంగతి తెలుసు. కూతురు నొచ్చుకుంటుందని నోరెత్తలేదు.

మిగిలిన ఆ ఒక్కటీ ఆకు ఎండాక తవ్వి, తుడిచి అత్త చేతిలో పెట్టింది ఇస్త్రీ అక్క. నేను అక్కడే ఉన్నాను. ముసలమ్మ దాన్ని గుప్పిట్లో తిప్పి తిప్పి చూసింది.

"కత్తి తెచ్చి దీని అడుగు కొయ్యవే," అంది.

"కోస్తే వచ్చే ఏడు పూయదు అత్తయ్యా. గడ్డ కూడా పోతుంది."

"పోతే పోనీ. కోసినచోట పిల్లలు పుడతాయి."

"పుట్టినా అవి పూసేసరికి మూడేళ్లో నాలుగేళ్లో పడుతుంది." ఇస్త్రీ అక్క ఆవిడ కాళ్లమీది దుప్పటి సర్దింది. "అప్పటికి మీరు…"

"చెప్పు, నోట్లో ఏం పెట్టుకున్నావ్? అప్పటికి నేనుంటానా అనేగా? ఉంటే చూస్తాను. లేకపోతే నువ్వు చూడు."

"నాకు చూసే తీరిక ఎక్కడిది అత్తయ్యా? ఉన్న చాకిరీ చాలనట్టు ఇదొకటి నా నెత్తిన పెట్టండి," అంటూనే కత్తిని వేడినీళ్లలో కడిగింది.

గడ్డను తలకిందులు చేసి, వేర్లు వచ్చే అడుగున ఇంటూ గుర్తులా లోతుగా రెండు కోతలు పెట్టింది. పొడి ఇసుక పోసిన గిన్నెలో అలాగే తలకిందులుగా కూర్చోబెట్టి, ఇస్త్రీ బల్లకు పైనున్న గోడ అలమరలో పెట్టింది. అక్కడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది.

తర్వాతి వారం ఆడపడుచు వచ్చి ఆ గిన్నె చూసింది.

"వదినా! మా అమ్మకున్నది అదొక్కటే కదా. దాన్ని కూడా పొట్టన పెట్టుకున్నావా? పని ఎక్కువైతే నాతో చెప్పొచ్చుగా, పువ్వు మీద కసి తీర్చుకోవాలా?"

ఇస్త్రీ అక్క దుప్పటి మడత పెడుతూనే ఉంది. "చెప్తే మాత్రం చేస్తావా?" అంది, తల ఎత్తకుండా.

మంచం మీంచి ముసలమ్మ పిలిచింది. "దాన్నేం అనకు. కొయ్యమన్నది నేను. మిగతావాటికి జడలేసి చంపింది నువ్వు."

ఆడపడుచు ముఖం ఎర్రబడింది. సంచి తీసుకుని వెళ్లిపోయింది. పోతూ పోతూ బేకరీ దగ్గర చెప్పినది మాత్రం మొదటి సగమే. జడల సంగతి మింగేసింది.

కొన్నాళ్లకు కోతల వెంబడి బియ్యపు గింజల్లా పిల్లలు పుట్టాయి. చలి ముదరకముందే వాటిని తల్లి గడ్డతో సహా అలాగే తలకిందులుగా పాతిపెట్టింది ఇస్త్రీ అక్క. తల్లి గడ్డ మట్టిలోనే కరిగిపోయింది. ఈ వసంతంలో సన్నటి ఆకులు లేచాయి, గడ్డిపోచలని పొరబడేలా ఉన్నాయి. అంతే, పువ్వు లేదు. ఇంకా ఏళ్లు పడుతుంది. ముసలమ్మ రోజూ కళ్లు తెరవగానే "వచ్చిందా?" అంటుంది. "ఆకే అత్తయ్యా," అంటుంది కోడలు, తడిబట్ట పిండుతూ. నిన్న ముసలమ్మ ఆ మాట అడగలేదు. ఇస్త్రీ అక్క ఒళ్లు తుడిచే నీళ్ల గిన్నె పట్టుకుని మంచం పక్కనే నిలబడిపోయింది. కాసేపటికి ముసలమ్మ కళ్లు తెరిచి, "అలా చూస్తావేంటే, ఉన్నాలే," అంది.

ఇద్దరిలో ఎవరు ముందు అలిసిపోతారో నాకు తెలియడం లేదు. అందుకే అడుగుతున్నాను. అటువైపు వెళ్లినవాళ్లు ఒకసారి ఆ ఇంట్లోకి తొంగిచూడండి. వెనక నేలలో గడ్డిలా కనపడేది గడ్డి కాదు, పీకకండి, జడలు అసలే వేయకండి. ముసలమ్మ దగ్గర ఒక గంట కూర్చోండి, ఇస్త్రీ అక్క కాస్త నడుం వాలుస్తుంది.